చేతికందే ఎత్తు

ఎర్రగుట్ట మీద జయంతి తిరగని వంక లేదు. కాకపోతే ఆ తిరగడమంతా కలలోనే. మెలకువగా ఉన్నప్పుడు ఆమె తిరిగేదల్లా మంచం నుంచి వాకిట్లో అరుగు దాకా, అరుగు నుంచి వంటింటి గడప దాకా, అదీ చంకకర్ర ఊనుకుని. పసితనంలో వచ్చిన పోలియో ఆమె ఎడమకాలిని ఎదగనివ్వలేదు. అయినా కలకు కాళ్ళతో పనేముంది? మధ్యాహ్నం అరుగు మీద చాప పరుచుకుని అలా కన్ను మూస్తే చాలు, గుట్ట మెల్లగా లేచి ఊళ్ళోకి నడిచి వచ్చేది. వచ్చి అరుగు పక్కన కూర్చునేది. జయంతి దాని వీపు మీదికెక్కి, చెప్పుల్లేని రెండు కాళ్ళతో ఎంత దూరమైనా పోయేది.

ఆ గుట్ట ఎట్లా ఉంటుందో ఆమెకు ఎవరూ వర్ణించి చెప్పలేదు. అది రాయి రాయిగా ఆమె ఒళ్ళోకి వచ్చి పడింది.

వజ్రకరూరు చుట్టుపక్కల ఊళ్ళలో తొలకరి పడితే జనానికి రెండు పనులు. ఒకటి శెనక్కాయ విత్తనం వేయడం, రెండోది వజ్రం వెతకడం. మొదటిదాంట్లో ఏమీ మిగలదని తెలుసు కాబట్టి రెండోదాని మీద ఆశ ఎక్కువ. వాన కడిగిన నేల మీద ఎండ పడగానే ఊరు ఊరంతా తలలు వంచుకుని గుట్ట మీద తిరుగుతుంది, మెరిసినదాన్నల్లా ఏరి కొంగున కట్టుకుంటుంది. జయంతి వాళ్ళ ఊళ్ళో మాత్రం దీనికొక కట్టడి ఉంది. ఏరినవాళ్ళు తమ రాయి వజ్రమా కాదా అని తాము తేల్చుకోకూడదు. ఏరిన కంటికి ఆశ అంటుకుని ఉంటుందట, అది సోడాబుడ్డి పెంకును కూడా వజ్రం చేసి చూపిస్తుందట. అందుకని ఆ రోజు గుట్ట ఎక్కని మనిషే చూసి చెప్పాలి.

తొలకరి పడిన మర్నాడు గుట్ట ఎక్కని మనిషి దొరకడం అంత సులువా? పురిటి మంచంలో ఉన్నవాళ్ళు ఏటేటా మారిపోతారు. జయంతి ఒక్కతే మారదు. అలా పావడా కట్టే వయసులోనే ఆ పని ఆమె మెడకు చుట్టుకుంది. పొద్దు వాలేసరికి అరుగు ముందు జనం చేరేవాళ్ళు. ముడి విప్పి, రాయి ఆమె అరచేతిలో పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. జయంతి దాన్ని ఎండకు పట్టి చూసేది. నోటి ఆవిరి ఊది, ఆ మసక ఎంతసేపటికి విడుస్తుందో చూసేది. వజ్రాన్ని ఎన్నడూ చూడని పిల్ల ఇది వజ్రం కాదని ఎట్లా చెబుతుందని మీకు అనుమానం రావచ్చు. ఊళ్ళో కొందరికీ వచ్చింది. వాళ్ళు గుత్తి వ్యాపారి దాకా పోయి, బస్సు ఛార్జీలు దండగ చేసుకుని, ఆ పిల్ల చెప్పిందే నిజమని ఒప్పుకుని వచ్చారు.

మొదటి ఏడు ఆమె "వజ్రం కాదు" అని ఊరుకుంది. ఆ మాట వినగానే పక్కింటి నల్లమ్మ మొహం వాడిపోయింది. జయంతి ఆమెను అత్తా అని పిలుస్తుంది, ఆమె చేతి సద్దరొట్టె తిని పెరిగింది. ఆ మొహం చూసి పిల్ల ఊరుకోలేకపోయింది. ఏదో ఒకటి అనాలి కదా అని, "పారెయ్యొద్దులే అత్తా" అంది. అప్పట్నుంచి ఆ రెండు మాటలూ కలిసిపోయాయి. ఎవరొచ్చినా అదే తీర్పు. వజ్రం కాదు, పారెయ్యొద్దు. పారెయ్యకుండా ఏం చేసుకోవాలో తెలియక జనం ఆ రాళ్ళను అరుగు మీదే వదిలేసి పోయేవాళ్ళు. ఒక్కరు కూడా వెనక్కి అడిగి తీసుకుపోలేదు. జయంతి వాటిని బిస్కెట్ డబ్బాల్లో దాచింది. తేనెరంగువి పాముల వంకవి, పాలరంగువి నక్కబండ పక్కవి, లోపల పొగ చుట్టుకున్నట్టుండేవి గుట్ట నడినెత్తివి. అవన్నీ కలిసే ఆమె కలలో గుట్ట అయ్యాయి.

ఆమె ఎవరికీ చెప్పుకోని బాధ ఒకటుంది. ఆ డబ్బాల్లో ఉన్న ఒక్క రాయి కూడా తాను నేల మీద నుంచి తీసింది కాదు. అన్నీ ఒకరు ఇచ్చినవే. జీవితంలో ఒక్కసారి, ఆ గుట్ట మీద, ఒక్క రాయిని తన చేత్తో తానే ఒంగి తీయాలి. జయంతి కోరికల్లా అంతే. విన్నవాళ్ళు నవ్వుతారని ఆమె దాన్ని బయటపెట్టలేదు.

ఆమె అన్న వీరేష్‌కు బోర్లు వేసే లారీ ఉంది. ఊరికి కరువొచ్చిన కొద్దీ ఆ లారీకి తీరిక లేకుండా పోయింది. మనిషి గొంతు పెద్దది, మనసూ పెద్దదే. చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఆ రెండింటినీ ఎక్కడ తగ్గించాలో తెలియదు. రెండువేల ఏడు ఎండాకాలంలో బెంగళూరు దగ్గరి నందికొండల వైపు ఒక తోటలో బోరు వేస్తూ, బెంగళూరు పిల్లలు నాలుగు లావుపాటి చక్రాల బళ్ళెక్కి కొండబాటల్లో ఊరికే సరదాగా తిరగడం చూశాడు. నోరు తెరుచుకుని చూశాడు. కూలీలు పిలుస్తున్నా పలకలేదు. అతను చూసింది బళ్ళను కాదు, వాటి మీద కూర్చున్నవాళ్ళ కాళ్ళను. కాళ్ళకు అక్కడ పనే లేదు. బొటనవేలితో మీట నొక్కితే బండి పోతోంది, చేత్తో బ్రేకు పడితే ఆగుతోంది.

మే నెలాఖరులో ఒక మినీలారీ ఊళ్ళోకి వచ్చింది. దాని మీద అలాంటి బళ్ళు రెండు, ఎర్రదొకటి, పచ్చదొకటి. ఎక్కడో దేశం కాని దేశంలో ఒకదానితో ఒకటి పోటీపడే రెండు కంపెనీలవట. పాతవి కొని అమ్మే శ్రీకాంత్ అనే బెంగళూరు కుర్రాడు వాటితో పాటు దిగాడు. రెండూ నడిపి చూసి, ఒకటి ఉంచుకుని ఒకటి పంపేయాలని ఒప్పందం.

"రెండూ ఫోర్‌వీల్ డ్రైవే మేడమ్," అన్నాడు శ్రీకాంత్. జయంతిని మేడమ్ అని పిలిచిన మొట్టమొదటి మనిషి అతనే. "నాలుగు చక్రాలూ లాగుతాయి. ఒకటి గాల్లోకి లేచినా మిగతావి వదలవు. ఎర్రది పెద్దింజను, ఇద్దరు కూర్చోవచ్చు. ఏ చక్రానికి ఆ చక్రం ఎగిరి దిగుతుంది కాబట్టి కుదుపు తెలీదు. నేలకు బాగా ఎత్తుగా కూడా ఉంటుంది. పచ్చది ఒంటిసీటు. రాయి తగిలితే ఎగరేస్తుంది. కడుపు కిందికి ఉంటుంది, పెద్ద బండ వస్తే రాసుకుంటుంది. ఉన్న మాట చెబుతున్నా."

"ఇంకేముండాదప్పా చూసేకి?" అన్నాడు వీరేష్. "ఎర్రదే. గుట్టబాటకి ఎత్తే గదా కావల్సింది. ఆ పచ్చది పిల్లోళ్ళ బండి."

ఊరి వెనక బీడుచేలో అన్న ముందు, చెల్లెలు వెనక ఎర్రబండి ఎక్కారు. బండి కదలగానే నేల దూరమైపోయింది. గట్లు, గుంతలు, తంగేడు పొదలు అన్నీ కింద ఎక్కడో ఒకదాని వెనక ఒకటి నిద్రలో జారిపోయినట్టు జారిపోయాయి. ఎక్కడా ఒక్క కుదుపు లేదు. వాకిళ్ళలో నిలబడ్డ జనం తలలు పైకెత్తి చూశారు. పుట్టి బుద్ధెరిగాక జయంతి అంత ఎత్తున ఎన్నడూ లేదు. ఆమెకు సంతోషంగానే ఉంది, లేదంటే అబద్ధం. అయితే అది ఉత్సవాల్లో పల్లకి ఎక్కిన విగ్రహం పడే సంతోషం.

"ఎట్లుండాది పాపా?" అని అరిచాడు వీరేష్.

"బాగుండాదన్నా. రవ్వంత ఆపు."

బండి ఆగిన చోట, ముందుచక్రం పక్కన తెల్లటి పలుగురాయి ఒకటి కనిపించింది. జయంతి ఎడమచేత్తో సీటు పట్టుకుని కుడివైపు ఒంగింది. ఇంకా ఒంగింది. వేళ్ళు గాల్లోనే ఉండిపోయాయి. రాయికీ వేళ్ళకూ మధ్య ఇంకో చెయ్యి పట్టేంత జాగా మిగిలింది.

"యాది, ఈ రాయా?" వీరేష్ చటుక్కున కిందికి దూకాడు, రాయి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇదో. నేనుండా గదా ఇచ్చేకి!"

అతని మొహం వెలిగిపోతోంది. జయంతికి ఏడుపొచ్చింది. ఎండ కళ్ళల్లో పడుతోందని చెప్పి మొహం తిప్పుకుంది. ఇంత దూరం వచ్చీ మళ్ళీ అరుగు మీదే కూర్చున్నట్టుంది, రాయి మళ్ళీ ఒకరు ఇచ్చిందే అయింది.

"ఆ పచ్చదాని మీద ఒకసారి కూచుంటా," అంది.

వీరేష్ నవ్వాడు. ఆమె పచ్చబండి మీద ఒంటరిగా కూర్చుంది. శ్రీకాంత్ మీట ఏదో, బ్రేకు ఏదో చూపించి పక్కకు తప్పుకున్నాడు. బొటనవేలు ఆనించగానే బండి ముందుకు గెంతింది, ఆమె గుండె కూడా గెంతింది. చేలో ఉన్న ప్రతి గడ్డా, ప్రతి గులకరాయీ కిందనుంచి వచ్చి ఆమెను తట్టి పలకరించింది. నేల ఇంత గరుకుగా ఉంటుందా అనుకుంది. కలలో నేల ఎప్పుడూ మెత్తగా ఉండేది. గట్టు దాకా పోయి ఆపి, పక్కకు ఒంగింది. వేళ్ళు తగిలాయి. తగలడమేమిటి, అరచెయ్యి అరచెయ్యంతా నేల మీద ఆనింది. ఎండకు కాలిన మన్ను చుర్రుమంది. ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఇదే నాకు," అంది వెనక్కి వచ్చి.

"పిల్లోళ్ళ బండి అంటాండా గదా!"

"దీంట్లో కూచుంటే చెయ్యి నేలకి అందుతాంది అన్నా."

"అందేది ఎందుకు? ఏం కావాలన్నా నేను దిగి ఇస్తా గదా!"

"అదే వద్దంటాండా."

వీరేష్‌కు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకా కష్టమైంది. "అంటే ఒక్కదానివే పోతావా? ఆడ పడితే ఎవురు లేపల్ల?"

"పడితే పడతా. నువ్వు తీసకపోతే అది నీ గుట్ట అవుతాది అన్నా. నాది కాదు."

అతను లారీ దగ్గరికి పోయి, ఊరికే దాని చక్రాలు తన్ని చూసుకుంటూ నిలబడ్డాడు. చెల్లెలిని వెనక కూర్చోబెట్టుకుని గుట్టంతా తిప్పి చూపించాలని నందికొండల నుంచి మోసుకొచ్చిన ఆశ అతనిది. అది ఒక్క మాటతో పోయింది. శ్రీకాంత్ గోళ్ళు చూసుకున్నాడు. చాలాసేపటికి వీరేష్ తిరిగొచ్చాడు. చెల్లెలి వైపు చూడకుండా శ్రీకాంత్‌ను అడిగాడు.

"దీని కడుపు కింద ఇనప రేకు ఏమన్నా కొట్టించొచ్చా అప్పా? బండలు తగిలితే ఓర్చుకునేటట్ల?"

అలా పచ్చబండి వాకిట్లో ఉండిపోయింది, ఎర్రబండి బెంగళూరుకు పోయింది.

అసలు గొడవ మర్నాడు మొదలైంది. నల్లమ్మ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ అరుగెక్కి కూర్చుంది. "ఏం కోడలా, నువ్వూ గుట్టకి పోతావంటనే? నువ్వు పోతే మా రాళ్ళు ఎవురు చూడల్ల?"

"ఎవురో ఒకరు చూస్తార్లే అత్తా."

"ఎవురు చూస్తారు? ఎక్కినోళ్ళు చూడకూడదు. ఒకసారి ఎక్కినావంటే నీ కంటికీ ఆశ అంటుకుంటాది. మళ్ళ నీ మాట ఎవురు నమ్మల్ల? ఊరికంతా నువ్వొక్క కన్ను. ఆ కన్ను పోగొట్టుకుంటావా, ఒక రాయి కోసరం?"

నల్లమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. ఏడాదికి ఒక్కరోజే అయినా, ఆ రోజు ఊళ్ళో పెద్దపెద్దవాళ్ళు కూడా ఆమె ముందు నిలబడతారు. గుట్ట ఎక్కితే ఆమె కూడా తలవంచుకుని వెతికేవాళ్ళలో ఒకతె. అంతే, ఇంకేం కాదు.

ఇంకో వింత కూడా జరిగింది. బండి వాకిట్లోకి వచ్చినప్పట్నుంచి కల రావడం మానేసింది. మధ్యాహ్నం అరుగు మీద కన్ను మూస్తే గుట్ట రాదు. దూరంగా, ఉన్నచోటే ఉండి, నువ్వే రా అన్నట్టు చూస్తుంది. కలలో ఉన్న గుట్ట పోయింది, నిజం గుట్ట ఇంకా చిక్కలేదు. జయంతికి భయం వేసింది. ఆ భయంతోనే రోజూ బీడుచేలో బండి తిప్పడం నేర్చుకుంది. నాలుగు చక్రాలకూ బలం పంపే మీట ఎప్పుడు వేయాలో, ఏటవాలులో ఒళ్ళు ఎటు మొగ్గాలో పడుతూ లేస్తూ తెలుసుకుంది.

తొలకరి పడింది. తెల్లారి మబ్బు చీలి ఎండ రాగానే ఊరు గుట్ట వైపు కదిలింది. వీరేష్ గుట్ట మొదలు దాకా బండి పక్కన నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. ఎక్కలేదు. ఎక్కకుండా ఉండటానికి ఆ మనిషి ఎంత కష్టపడ్డాడో పక్కనున్న కలబంద పొదకే తెలియాలి, దాని ఆకులు చీలికలు చీలికలు చేశాడు.

గొర్రెలు పోయే బాట సన్నగా పైకి పోతోంది. తడిసిన ఎర్రమన్ను వాసన. జయంతి బొటనవేలు మెత్తగా ఆనించింది, చక్రాలు నాలుగూ మన్నును పట్టుకుని మెల్లమెల్లగా ఎక్కాయి. కాసేపటికి ఇంజను చప్పుడు చెవులకు వినిపించడం మానేసింది. వాన నీళ్ళు రాళ్ళ సందుల్లో ఇంకా కారుతున్నాయి. మలుపు తిరగ్గానే దారంతా తేనెరంగు గులకలు. ఓహో, పాముల వంక! ఇంకాస్త పైకి పోతే నల్లటి బండ, దాని పక్కన పాలరంగువి. నక్కబండ! డబ్బాల్లో ఒక్కొక్కటిగా తెలిసిన రాళ్ళకు ఇక్కడ ఇల్లూ వాకిలీ ఉన్నాయి, చుట్టపక్కాలున్నారు. ఆమె పేరుపేరునా పలకరించుకుంటూ పోయింది. ఇది కలేమోనని అనుమానం వచ్చినప్పుడల్లా ఒక రాయి బండిని ఎగరేసి, నడుము కలుక్కుమనిపించి, కాదని చెప్పింది.

నక్కబండ దాటాక శ్రీకాంత్ చెప్పినంతా అయింది. మెట్టులా లేచిన బండ మీదికి ముందుచక్రాలు ఎక్కాయి, కడుపు కింద రేకు కర్రుమని రాసుకుంది, బండి అక్కడే ఆగిపోయింది. ముందుచక్రాలు గాల్లో తిరిగాయి, వెనకవి బురద చిమ్మాయి. జనం గుట్ట అవతలి వైపు ఏరుతున్నారు, అరిస్తే వినేంత దగ్గరలో ఎవరూ లేరు. ఎర్రబండి అయితే ఈపాటికి దాటేసేది, నిజమే. జయంతి ఇంజను ఆపి, ఎక్కడ తగులుకుందో చూద్దామని పక్కకు బాగా ఒంగింది.

బండ కిందనుంచి కారే సన్నటి నీళ్ళలో ఒక రాయి ఉంది. చింతగింజంత. లోపల పొగ చుట్టుకున్నట్టుంది, పొగ మధ్య ఎండ చిక్కుకుని ఉంది.

ఆమె చెయ్యి చాపింది. అందింది. చల్లటి నీళ్ళు మణికట్టు దాకా పాకాయి. రాయికి అంటుకున్న మన్ను వేళ్ళ మధ్య జారిపోయింది. పిడికిలి మూసుకుని అలాగే ఒంగి ఉండిపోయింది, లేవబుద్ధి కాలేదు. కళ్ళు నీళ్ళతో నిండాయి. ఈసారి ఎండ మీద నెపం పెట్టే అవసరం కూడా లేదు.

రాయిని చున్నీ కొసన ముడివేసుకుని, ఒళ్ళంతా వెనక్కి మొగ్గి, వెనక గేరు వేసి బొటనవేలు నొక్కింది. వెనకచక్రాలు నేలను కరిచిపట్టుకున్నాయి. బండి గీసుకుంటూ బండ దిగింది.

కిందికి వస్తుంటే మొదలైంది అసలు సంగతి. ఒకవేళ? అనిపించింది. ఛ, అనుకుంది. అలాంటి పొగరాళ్ళు డబ్బా నిండా ఉన్నాయి, ఆమెకు తెలియనిదా? అయినా మలుపు తిరిగేసరికి మళ్ళీ, ఒకవేళ? అన్న లారీ ఎక్కే పని లేకుండా పోవచ్చు. నల్లమ్మత్త మోకాళ్ళను బెంగళూరులో చూపించవచ్చు. చున్నీ ముడి తొడకు తగిలినప్పుడల్లా గుండె దడదడమంది. ఆమె కంటికి ఆశ అంటుకుంది. ఇన్నేళ్ళూ అరుగు ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్ళు ఇదా మోసుకొచ్చింది! తాను "కాదు" అన్న ప్రతిసారీ రాలిపోయింది ఇదా! ఆమెకు అందరి మీదా జాలి వేసింది, తన మీద కూడా.

పొద్దు వాలేసరికి ఆమె అరుగు మీద నల్లమ్మ కూర్చుని ఉంది. మోకాళ్ళు ఇక గుట్ట ఎక్కనివ్వలేదో, ఎవరో ఒకరు ఉండాలని ఎక్కలేదో ఆమె చెప్పలేదు. ముందు జనం. బండి ఆపి, చంకకర్ర ఊనుకుని, జయంతి కూడా వాళ్ళ వెనక నిలబడింది. వీరేష్ ఆమె పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్కరూ చూపించి జరిగాక ఆమె ముడి విప్పింది.

"అత్తా, నాది చూడు."

నల్లమ్మ ఆ రాయిని అరచేతిలోకి తీసుకుని, ఎండకు పట్టింది. ఆవిరి ఊదింది. మళ్ళీ ఊదింది. ఆ మసక విడిచేదాకా జయంతి ఊపిరి తీసుకోలేదు. ఏ జవాబు వస్తుందో ఊళ్ళో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. తెలిసీ, ఒక అడుగు ముందుకు జరిగింది.

నల్లమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆ మాట అనడం ఎంత కష్టమో ముసలామెకు కూడా అప్పుడే తెలుస్తున్నట్టుంది.

"వజ్రం కాదు కోడలా."

లోపల ఏదో తెగి పడింది. ఇంత నొప్పి ఉంటుందని జయంతి అనుకోలేదు.

"పారెయ్యొద్దు," అంది నల్లమ్మ, గొంతు తగ్గించి.

అలవాటు ప్రకారం ఆమె ఆ రాయిని పక్కనున్న డబ్బాలో వేయబోయింది. జయంతి చెయ్యి చాపింది.

"నా రాయి నాకియ్యి అత్తా," అంది.